గీకేసిన పాట

పడమటి తీరం కాపలాకు వెళ్ళే సిపాయిలు నానివా రేవులో పడవెక్కే ముందు తలా ఒక పాట చెప్పాలి. తూర్పు పల్లెల రైతుబిడ్డలు వాళ్ళు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెక్కపలకల మీద రాయడం గుమాస్తా ఇనమారో పని. కుదిరిన పాటలు వాటిని పోగుచేసే దొరగారి దాకా వెళతాయి. కుదరనివి కత్తితో గీకేసి, ఆ పలకలనే మళ్ళీ వాడతారు.

ఒక రోజు రాసీ రాసీ ఇనమారోకు మధ్యాహ్నం తిండి కూడా లేదు. అది గమనించినవాడు ఉషికై అనే సిపాయి ఒక్కడే.

"ఏమన్నా తిన్నారా గుమాస్తాగారూ?" అంటూ దారిబత్తెంగా తెచ్చుకున్న ఎండబెట్టిన అన్నంలో సగం తీసిపెట్టాడు. ఆ తరువాత తన పాట చెప్పాడు.

"కొర్రలు దంచుతున్న మా అమ్మ
తల ఎత్తలేదు
ఎత్తితే
నేను కదలలేనని."

"అయిదు పాదాలుండాలయ్యా. ఇంకోటేదీ?"

"అంతేనండీ. అక్కడితో నేనొచ్చేశా."

కొలత తప్పిన పాట పైకి పంపితే అధికారి చీవాట్లు పెడతాడు. పడవ కదిలాక ఇనమారో ఆ పలక గీకేశాడు. నోట్లో ఇంకా ఉషికై పెట్టిన అన్నం రుచి ఉంది.

మూడేళ్ళ తరువాత, కాపలా ముగించుకుని ఇంటికి మళ్ళిన తోరిమారో అనే సిపాయి ఇనమారోను వెతుక్కుంటూ వచ్చాడు.

"మా ఊరి ఉషికై జ్వరమొచ్చి అక్కడే పోయాడండీ. తన పాట దొరగారికి చేరిందని చివరిదాకా మురిసిపోయాడు. మాకు పాడి వినిపించమంటే మాత్రం సిగ్గు. అదేదో చెబితే వాళ్ళమ్మకు పట్టుకెళతాను."

"చేరింది" అంటే సరిపోయేది. కానీ మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే బుద్ధుడి ముందు చేతులు జోడిస్తే ఇనమారో కళ్ళ ముందు ఆ పలక గీకిన చెక్కపొట్టే రాలుతోంది.

"చేరలేదు నాయనా. ఒక పాదం తక్కువని నేనే గీకేశాను."

"అయితే పోయిందన్నమాట," అని తోరిమారో లేచాడు.

"కూర్చో. నాకొచ్చు."

పాటంతా విని తోరిమారో కళ్ళు తుడుచుకున్నాడు. "గీకేసినవారికి ఇంత బాగా గుర్తేమిటండీ?"

"గీకేశాను గనకే."

ఇనమారో కొత్త పలక అందుకోబోయాడు.

"మా ఊళ్ళో చదివేదెవరు? నోటికి నేర్పండి. దొరగారి సంగతి నేనై ఎత్తను. వాళ్ళమ్మ అడిగితే మాత్రం అబద్ధమాడను."

"ఆడొద్దు," అన్నాడు ఇనమారో.

నోటికొచ్చాక తోరిమారో రెల్లు పొదల దారిలో పాడుకుంటూ వెళ్ళాడు. మూడో పాదంలో తన మాటొకటి కలిపేశాడు. సరిదిద్దుదామని ఒక అడుగు ముందుకు వేసి, ఇనమారో నోరు మూసుకున్నాడు.