బావ ప్రార్థనకు నా ఆమెన్

మా చర్చిలో పాటలు ఎత్తేది నేనే. మా పాస్టరు అయ్యగారు మైకులో "స్తుతి ఆరాధన నడిపించే మన సహోదరుడు" అంటారు గానీ, ఊళ్ళో అందరికీ నేను పాటలాయన్ని. మాది పర్చూరు దాటాక వచ్చే పల్లె. వారమంతా మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు లోపల పెట్టించే పని, ఆదివారం దేవుణ్ణి స్తుతించే పని. రెండో పనికే ఏర్పాట్లు ఎక్కువ. శనివారం పెరుగు ముట్టను. పడుకోబోయే ముందు మిరియాల పాలు తాగి మెడకు తువ్వాలు చుట్టుకుంటాను. "స్తుతి గుండెలోంచి రావాలని మీరే కదా చెప్తారు, మరి గొంతుకెందుకండీ ఇన్ని సేవలు?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. పైస్థాయి అందుకోవడమంటే ఏమిటో పాడేవాళ్ళకే తెలుస్తుందని చెప్పి తప్పించుకున్నాను. పాట మధ్యలో నేను కళ్ళు మూసుకునేది పరవశంతో కాదనీ, చర్చి కప్పు మీది మైకు హారన్లలో నా గొంతు ఎంత దూరం పోతోందో వినడానికనీ ఆవిడకు చెప్పలేదు.

ఆ గొంతును మెచ్చని మనిషి ఊళ్ళో ఒక్కడే. ఆయన మా అక్క మొగుడు. మిరప రైతు, మా చర్చి సంఘంలో పెద్ద. మా బావకు పాట రాదు, తాళం అసలే రాదు. అందరూ చప్పట్లు కొట్టేశాక ఆయన చప్పట్లు వినపడతాయి. కాకపోతే ప్రార్థన బాగా చేస్తాడని పేరుంది. నాకు నచ్చని సంగతి అదే.

మా ఇద్దరికీ చెడింది కోత పండుగనాడు. కొత్త పంటలో మొదటి భాగం తెచ్చి దేవుడి ముందు పెట్టే ఆదివారం అది. వడ్లు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు అన్నీ వేదిక ముందుకు చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. బావ ఎండుమిర్చి బస్తా తెచ్చాడు. ఎర్రగా నిగనిగలాడే కాయ అందరికీ కనబడాలని మూతి కుట్టకుండా తెచ్చాడు. అది చాలదన్నట్టు రెండు చేతులతో కాయల్ని పైకెత్తి ఎత్తి పోశాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? చెమట పడితే నాకు స్వరం నిలవదని పెద్ద స్టాండు ఫ్యాను తెప్పించి నా వైపు తిప్పించుకున్నాను. ఫ్యానుకీ నాకూ మధ్యన బావ బస్తా ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా గోదాములో అడుగుపెట్టని మనిషిని, ఏళ్ళ తరబడి మిరపకాయల మధ్య జీతం తీసుకుంటున్న మనిషిని, ఆ చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

"ఏకమనస్సుతో, ఏకస్వరంతో ప్రభువును స్తుతిద్దాం" అన్నారు అయ్యగారు. పల్లవి బాగానే సాగింది. చరణంలో పైస్థాయి కోసం గుండెల నిండా ఊపిరి పీల్చాను. అంతే. ఆ పైన నా నోట వచ్చింది పాట కాదు. నా వెనక డోలక్ వాయించే ఆయన, ఆ వెనక అయ్యగారు, చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు, గోడవారన ముసలివాళ్ళు, చివరికి కోళ్ళు కూడా అందుకున్నాయి. సంఘమంతా ఏకస్వరంతో దగ్గింది. అంత ఐక్యత మా సంఘంలో అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

కళ్ళు తుడుచుకుంటూ బయటపడ్డాక అందరి ముందే అడిగేశాను. "మూతి కుట్టని బస్తా చర్చిలోకి ఎవడన్నా తెస్తాడా బావా?"

"కుట్టాల్సింది బస్తా మూతి కాదురా, నీ మూతి. దేవుడి ముందు నిలబడి ఫ్యాను గాలి కావాల్సొచ్చిందా నీకు? ఆడలేక మద్దెల ఓడన్నాడంట."

ఆ రోజుతో మాటల్లేవు. మాటలు లేవంటే విడిగా లేవని. దేవుడి ద్వారా బాగానే మాట్లాడుకున్నాం. మా సంఘంలో ప్రసంగానికి ముందు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని ప్రార్థన చేస్తారు. తర్వాతి ఆదివారం నేను బైబిలు తెలుగులో గంభీరంగా ఎత్తుకున్నాను. "సర్వోన్నతుడా, నీ సన్నిధికి తెచ్చిన కానుకను డంబముగా విప్పి చూపించుకొనువారిని క్షమించుము." నా తర్వాత మైకు బావ చేతికి వెళ్ళింది. "తండ్రీ, నిన్ను స్తుతించమంటే తన గొంతు తానే విని మురిసిపోయే వాళ్ళున్నారు. వాళ్ళకి కాస్త బుద్ధి దయచెయ్యి తండ్రీ." ఆడవాళ్ళ వైపు నుంచి "ఆమెన్" అని గట్టిగా వినిపించింది. అందులో మా ఆవిడ గొంతు నేను గుర్తుపట్టాను.

ఇది వారం వారం నడిచింది. హారన్లు ఊరంతటికీ వినపడతాయి కదా, టీ బంకు దగ్గర గుళ్ళో దణ్ణం పెట్టుకుని బొట్టుతో వచ్చిన పత్తి రైతు ఒక పెద్దాయన నన్ను ఆపి మరీ చెప్పాడు. "ఏవండీ పాటలాయనా, ఈ వారం మీ బావగారిదే పైచెయ్యండి. మేం ఆదివారం పూట పొలానికి మీ ప్రార్థనలయ్యాకే ఎల్తన్నాం." సువార్త ఊరందరికీ చేరాలని అయ్యగారు ఎన్నాళ్ళుగానో ప్రార్థిస్తున్నారు. అది చేరిన పద్ధతి చూసి సిగ్గుపడాల్సింది పోయి, వచ్చే వారం ఏమనాలా అని ఆలోచించుకుంటూ టీ తాగాను.

పాపం అయ్యగారు ఐక్యత మీద వరసబెట్టి ప్రసంగాలు చేశారు. సహోదరులు కలిసి ఉండడం ఎంత మేలో చెబుతూ ఒకసారి నా వైపు, ఒకసారి బావ వైపు చూసేవారు. బావకు తగలాల్సిన మాటే అన్నట్టు నేను తల ఊపేవాణ్ణి. అటు బావ కూడా అలాగే ఊపేవాడు.

అన్నిటికంటే పెద్ద ఆయుధం ఆమెన్. మా దగ్గర ఒకరు ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్ళు మాట మాటకీ ఆమెన్ అని ఊతమివ్వాలి. చివరిలో అనే ఆమెన్ వేరు. దాన్ని బాగా సాగదీసి అంటాం, అది నేను అంటేనే సంఘమంతా అందుకుంటుంది. ఒకరి ప్రార్థనకు ఆమెన్ అనకపోవడం వాళ్ళింట్లో విస్తరి ముందు కూర్చుని అన్నం ముట్టకపోవడం లాంటిది. బావ ప్రార్థనకు నేను ఆమెన్ అనడం మానేశాను. దానికి బదులు చిన్నగా దగ్గేవాణ్ణి, మిరపకాయల సంగతి ఎవరూ మరిచిపోకుండా. మా ఇద్దరి ప్రార్థనలకూ సమానంగా ఆమెన్ అన్నది మా అక్క ఒక్కతే.

ఆ అక్కకు మిరప కోతల్లో ఆయాసం మొదలైంది. సాలు చివరిదాకా వెళ్ళలేక మధ్యలో కూర్చుండిపోయేది. గుంటూరు తీసుకెళ్తే గుండెలో వాల్వు పాడైందన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, కష్టమైనదే, చెయ్యకపోతే ఇంకా కష్టం అన్నారు. మా వైపు ఎవరికి ఆపరేషన్ అన్నా ముందు ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటారు. దానికి పిలవడానికి అక్కే వచ్చింది. మా గడప ఎక్కడానికి రెండుసార్లు ఆగింది.

"ఒరేయ్, రేపు సాయంత్రం కూటం. మీ బావ ప్రార్థన చేస్తాడు. నువ్వు పాట పాడక్కర్లా. ఆమెన్ అను చాలు."

"అంటాలే అక్కా."

"ఆ దగ్గు దగ్గావంటే లేచొచ్చి వీపు పగలగొడతా." కొంచెంసేపు ఊపిరి తీసుకుంది. "ఆపరేషనుకి నాకేం భయం లేదురా. నేను పోతే నన్ను పెట్టిన పెట్టె కాడ కూడా మీరిద్దరూ మైకు కోసం కొట్టుకుంటారు, అదే నా భయం. ఎల్లేలోపు మీ ఇద్దరిదీ ఒక్క ప్రార్థన వినాలి."

అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపింది ఆవిడే. ఆవిడ నన్ను అడిగింది నాలుగు అక్షరాలు కూడా లేని ఒక్క మాట.

మర్నాడు సాయంత్రం బావ వాకిట్లో చాపలు పరిచారు. మిరపకాయలు ఒక పక్కకు నెట్టి పట్టా కప్పారు. మైకు లేదు. నేను ముందు వరసలో కూర్చున్నాను, పరీక్షకు వచ్చినవాడిలా. ఆమెన్ ఆలస్యం కాకూడదు, దగ్గులా వినపడకూడదు, గట్టిగా ఉండాలి, అక్కకు చేరాలి. ఇదే నా ధ్యాస. బావ లేచి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"తండ్రీ, పెద్ద పెద్ద మాటలు నాకు రావు. దానికి చీకటంటే భయం. కరెంటు పోతే నా చొక్కా పట్టుకుంటది. అక్కడ మత్తు ఇత్తారంట. ఆ మత్తులో దానికి నా చొక్కా దొరకదు గదా. నువ్వుండు తండ్రీ. కూర బాగుందని నేను ఒక్కనాడూ దాంతో అనలా. అనడానికి టైముంది గదా అనుకున్నా. దాన్ని నాకు..."

అక్కడ ఆయన గొంతు పూడుకుపోయింది. వాకిలంతా నిశ్శబ్దం. నాకు ఆ నిశ్శబ్దంలో ఒక్కటే అర్థమైంది, నా వంతు వచ్చిందని. చర్చి చివరి వరసకి వినపడే స్థాయిలో, బాగా సాగదీసి, "ఆ...మెన్!" అన్నాను. అలవాటు కొద్దీ జనమంతా అందుకున్నారు. అందరూ లేచి చాపలు దులుపుకున్నారు. ఎవరో టీ గ్లాసుల పళ్ళెం తెచ్చేశారు. బావ ఇంకా కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని నిలబడే ఉన్నాడు.

ముందుగా నవ్వింది అక్క. ఆయాసంతో రొమ్ము పట్టుకుని మరీ నవ్వింది. "నిన్ను ఆమెన్ అనమన్నా గానీ ప్రార్థన కొయ్యమన్నానా రా?"

బావ మొహం తుడుచుకున్నాడు. "ఈడు నా ప్రార్థన కూడా పూర్తి కానియ్యలేదు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు ఆ టీ దిగలేదు. మాట మధ్యలో ఆగినా దేవుడు వింటాడని నాకు తెలుసు, పాటల మధ్యలో ఎన్నోసార్లు నేనే ఆ సంగతి చెప్పాను. చీటీ సరిగ్గా లేదని బస్తా వెనక్కి పంపడానికి ఆయనేమీ కోల్డ్ స్టోరేజీలో పనిచేసే నాలాంటివాడు కాదు కదా. అయినా భయం వేసింది. అడగాల్సిన మాట బావ నోట్లో ఉండగానే తలుపు వేసేసింది నేను. అక్కకు ఏమైనా అయితే ఆ తలుపు చప్పుడు జీవితాంతం నా చెవుల్లో ఉంటుంది.

గుంటూరు ఆస్పత్రిలో అక్కను లోపలికి తీసుకెళ్ళాక బావా నేనూ వరండాలో స్టీలు కుర్చీల మీద కూర్చున్నాం. మధ్య కుర్చీలో అక్క సంచీ, అందులో ఆవిడ తువ్వాలు, బైబిలు. చాలాసేపు ఇద్దరం సంచీనే చూశాం. చివరికి బావే నోరు విప్పాడు. కోత పండుగ తర్వాత దేవుడి ద్వారా కాకుండా, దెప్పడానికి కాకుండా నాతో అన్న మొదటి మాట అది.

"ఆ రోజు ఏడ ఆపాన్రా నేను?"

"'దాన్ని నాకు' దగ్గర ఆగావు బావా."

"అంతకుముందు ఏమన్నానో గుర్తు రాటల్లేదు. మొదట్నించీ చెప్పు."

చెప్పాను. దానికి చీకటంటే భయమన్నావు. కరెంటు పోతే నీ చొక్కా పట్టుకుంటుందన్నావు. బావ తల వంచుకుని "ఆమెన్" అన్నాడు. మత్తులో నీ చొక్కా దొరకదన్నావు, నువ్వుండు తండ్రీ అన్నావు. "ఆమెన్" అన్నాడు. ఒక్క ముక్క పోకుండా అంతా నాకు గుర్తుంది. ఇన్నాళ్ళూ ఆయన ప్రార్థనను నేను విన్నది నాకు తగిలే మాట ఎక్కడుందో వెతుక్కోవడానికే. ఆ సాయంత్రం మాత్రం, ఆమెన్ ఎక్కడ వెయ్యాలా అన్న కంగారులోనైనా, నిజంగా విన్నాను. చెబుతూ చెబుతూ 'అన్నావు' అనడం ఎప్పుడో మానేశాను. దానికి చొక్కా దొరకదు, నువ్వుండు తండ్రీ అని నేనే అడుగుతున్నాను, ఆయన ఆమెన్ అంటున్నాడు. "దాన్ని నాకు" దగ్గరికి వచ్చి ఆగాను.

"తిరిగి ఇయ్యి తండ్రీ," అన్నాడు బావ.

ఈసారి నేను తొందరపడలేదు. "అయిందా బావా?" అని అడిగాను.

"అయిందిరా. అను."

అందామని నోరు తెరిచాను. ఎన్నో శనివారాలు పెరుగు మానేసి కాపాడుకున్న గొంతు ఆ ఒక్క మాటకు రాలేదు. ఏడుపే వచ్చింది. బావ సంచీలోంచి అక్క తువ్వాలు తీసి నా ఒళ్ళో వేశాడు.

అక్క తిరిగి వచ్చింది. మెల్లగా నడుస్తూ, చుట్టూ ఉన్నవాళ్ళందరి మీదా పెత్తనం చేస్తూ వచ్చింది. మళ్ళీ కోత పండుగ నాటికి ఆడవాళ్ళ వైపు ముందు వరసలో, కుర్చీలో కూర్చుంది. బావ బస్తాను మూతి కుట్టి తెచ్చాడు. నేను ఫ్యానును గోడ వైపు తిప్పించి, చెమటలు కారుతుండగా పాడాను. పైస్థాయి అందలేదు. ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని నేను పట్టించుకున్నాననుకోండి, ఎంతైనా పాటలాయన్ని.

తర్వాత బావ మైకు అందుకున్నాడు. హారన్లలో ఊరంతా వింటోంది. టీ బంకు పెద్దాయన కూడా వింటూనే ఉండి ఉంటాడు.

"తండ్రీ, నా ఇల్లు నాకు నిలబెట్టినందుకు నీకు స్తోత్రం. అట్టాగే మా సంఘంలో ఎదుటోడి ప్రార్థన అయ్యేదాకా ఆగలేనోళ్ళు ఉన్నారు, వాళ్ళకి కాస్త ఓపిక దయచెయ్యి తండ్రీ."

అక్క రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, బాగా సాగదీసి ఆమెన్ అన్నాను.

"ఇంకా అవలేదురా," అన్నాడు బావ, మైకులోనే.