తడి రోడ్డు మీద తొందరపెట్టాను

విశాఖలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో ఉండే మా చెల్లి, అక్కడి తెలుగు పిల్లలకు సరళరేఖాత్మక గమనం పాఠం చెప్పి వెళ్లమని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. జులైలో నాలుగు రోజులు సెలవు దొరికితే బయల్దేరాను. ఉదయానికి జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్ చేరాల్సిన రైలు మధ్యాహ్నం ఒంటిగంటకు చేరింది. పాఠం రెండింటికి.

స్టేషన్ బయట షేర్ ఆటోలు చవకే. కానీ అవి నిండేదాకా ఆగలేక రెండు వందలకు ఒక ఆటో మొత్తం మాట్లాడుకున్నాను. నేను ఫోన్లో చెల్లితో మాట్లాడటం విని డ్రైవరు తెలుగులోనే పలకరించాడు. పేరు సింహాచలం. వాళ్ల తాత టెక్కలి వైపు నుంచి పనికోసం ఇక్కడికి వచ్చాడట. వాన అప్పుడే వెలిసింది. ఫ్యాక్టరీలో షిఫ్టు మారే వేళ కావడంతో రోడ్డంతా బస్సులు, స్కూటర్లు.

"కొంచెం తొందరగా పోనివ్వు బాబూ" అన్నాను.

"రోడ్డు జారతంది మేడమ్. ముందల షిఫ్టు బస్సుంది, ఎక్కడాగుద్దో తెల్దు."

"దాని వెనకే పోతే సాయంత్రమవుతుంది. నీకు చేతకాకపోతే చెప్పు, వేరే ఆటో ఎక్కుతాను."

అతను వేగం పెంచాడు. కాసేపటికే ముందున్న బస్సు ఆగింది. సింహాచలం బ్రేకు వేశాడు, ఆటో ఆగలేదు, జారుతూనే పోయింది. బస్సును తప్పించబోయి పక్కకు తిప్పేసరికి డివైడరుకు తగిలి ఒరిగిపోయింది. నాకు మోచెయ్యి గీసుకుంది. అతని ఎడమ మణికట్టు హ్యాండిల్ కింద నలిగింది.

బస్సు దిగినవాళ్లే మమ్మల్ని లేవదీశారు. వాళ్లలో ఒకాయన సింహాచలాన్ని హిందీలో తిట్టి, నావైపు తిరిగి, వీడు బండి వేగంగా నడిపాడు కదా మేడమ్ అని అడిగాడు.

అవునన్నట్టు "హా" అన్నాను.

సింహాచలం నావంక ఒకసారి చూశాడు. తర్వాత తల దించుకుని, "గల్తీ మేరీ హై భయ్యా" అని తప్పు తనదేనని ఒప్పేసుకున్నాడు. అప్పుడైనా నేను నోరు విప్పొచ్చు. విప్పలేదు.

ఇంకో ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఎముక విరిగిందన్నారు. సింహాచలం ఫోను చేస్తే, వాళ్లుండే సిద్ధగోరా నుంచి అతని భార్య పైడితల్లి పరుగున వచ్చి నా చేతులు పట్టుకుంది. "మీరు లేకపోతే మావోణ్ని ఎవులు తెత్తారమ్మా!"

ఇక ఉండలేకపోయాను. "తొందరపెట్టింది నేనేనమ్మా. రోడ్డు మీద వాళ్లడిగితే తప్పు ఇతనిదే అన్నట్టు మాట్లాడాను."

ఆమె మెల్లగా చేతులు వెనక్కి తీసుకుంది. "ఆయన నాకీ మాట సెప్పనేదు" అంది. భర్త దగ్గరికి జరిగి, "మీరెల్లండమ్మా. మీ పిల్లలు ఎదురు సూత్తంటారు" అంది.

వెళ్లలేదు. ఆటో అద్దెది కాబట్టి ఓనరు నంబరు అడిగి తీసుకుని, జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు విసుక్కుని, చెయ్యి బాగయ్యాక బండి మళ్లీ అతనికే ఇస్తానన్నాడు. ఆ మాట చెబితే పైడితల్లి తలూపింది. సింహాచలం మాత్రం గోడవైపే చూస్తూ ఉన్నాడు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు.

పాఠం మర్నాడు ఉదయం చెప్పాను. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుందని ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నదాన్నే. ఆ రోజూ రాశాను. ఎందుకు మేడమ్ అలా అవుతుందని ముందు వరసలో ఒకమ్మాయి అడిగితే, సమీకరణం పక్కన పెట్టి ముందు ఈ కథంతా చెప్పాను, 'హా' అన్న సంగతితో సహా. చెబుతున్నప్పుడు వాళ్ల ముఖాల్లోకి చూడలేకపోయాను. తిరుగు రైల్లో కూడా కళ్లు మూస్తే తల దించుకున్న సింహాచలమే కనిపించాడు.

మీరెవరైనా అటు వెళితే ఒక్క మాట: రైలు దిగిన రోజే ఏ పనీ పెట్టుకోకండి. షిఫ్టు మారే వేళ టెల్కో దారిలో ఇంకో గంట ఎక్కువే వేసుకోండి. ముందు సీట్లో ఉన్న మనిషి నెమ్మదిగా పోదామంటే, పోనివ్వండి.