కళ్ళం దగ్గర విడిచిన చెప్పులు

డిసెంబరు ఉదయం ఏడింటికి ట్రక్కు నన్ను పోస్టు ముందు దింపింది. పొగమంచు. పది అడుగుల అవతల ఏముందో కనబడలేదు. నా దగ్గర రైఫిలు, మూడు మ్యాగజైన్లు, ఒక ట్రంకుపెట్టె, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా ఉన్నాయి. బంగ్లాదేశ్ సరిహద్దులో రెండేళ్ళ డ్యూటీ అది. అంతకుముందు రాజస్థాన్ ఇసుకలో ఉన్నాను కాబట్టి, ఇంత తడి గాలి పీల్చడమే నాకు కొత్త.

హవల్దారు హర్యానా మనిషి. మాట్లాడినా మీసం తప్ప మొహంలో ఏదీ కదలదు. టీ తాగగానే, "సరిహద్దు గీత చూద్దువుగాని రా," అన్నాడు.

మీరు టీవీలో చూసేది కంచె. దేశం అక్కడితో అయిపోదు. కంచె గేటు దాటాక ఇంకా నూట యాభై గజాలు మన పొలాలే. ఆ పొలాల చివర మోకాలెత్తు తెల్ల రాయి ఒకటి ఉంది. హవల్దారు దాని పక్కన ఆగాడు.

"ఇదే."

"ఇంతేనా?"

"ఇంతే. చెయ్యి చాపావంటే అది పరాయి దేశంలో ఉన్నట్టే."

రాయికి ఇటు కోసిన వరి మోళ్ళు. అటు కూడా అవే మోళ్ళు, అదే బురద. ఒక కొంగ అటునుంచి ఎగిరొచ్చి ఇటు వాలింది. ఇంత పెద్ద దేశం ఇంత చిన్న రాయి దగ్గర ఆగిపోతుందా అనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళూ రోజూ చూశాను, కానీ ఆ రాయి నాకు ఎప్పుడూ మామూలు రాయిగా కనబడలేదు.

గేటు ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా తెరవాలి. రైతులు కార్డు ఇచ్చి పొలానికి వెళ్ళాలి, వచ్చి తీసుకోవాలి. రాయికి అవతల, నాలుగు అడుగుల్లోనే, ఒక రైతు కళ్ళం వేసుకున్నాడు. నేల గట్టిగా కొట్టి, పేడతో అలికి, వడ్లు కుప్ప పోశాడు. మా దగ్గర కోత మిషన్లు వచ్చాక వడ్లు రోడ్డు మీద పరదాల్లో ఆరబోస్తున్నారు. అలాంటి కళ్ళం చూసి నాకే ఏళ్ళయింది. డ్యూటీలో నిలబడి దాన్నే చూస్తూ ఉండేవాణ్ణి.

పదిహేనో రోజు మధ్యాహ్నం వైర్‌లెస్ మోగింది. ఆపరేటరు కలకత్తా కుర్రాడు, వాగుడుకాయ. ఆ రోజు మాత్రం చెవులు రిక్కించి విన్నాడు.

"నాలుగో పోస్టు, రేపు పదిన్నరకి ఒక మనిషిని అప్పగించాలి. విదేశీయుడు. జైలు శిక్ష పూర్తయింది. బెంగాలీ రాదంటున్నాడు. మీ దగ్గర తెలుగు తెలిసినవాడు ఉన్నాడా?"

ఆపరేటరు నా వంక చూశాడు. అవతలి దేశంవాడికి తెలుగేమిటని ఇద్దరం పడీ పడీ నవ్వాం.

అప్పటికి నాకు ఒక గట్టి అభిప్రాయం ఉండేది. పరాయి దేశంలో పుట్టినవాడు ఇక్కడికొచ్చి నేరం చేస్తే, శిక్ష అయ్యాక మెడబట్టి పంపెయ్యాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది అనుకునేవాణ్ణి.

తొమ్మిదీ నలభైకి జీపు వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి దిగాడు. నీలం హవాయి చెప్పులు, చేతిలో ప్లాస్టిక్ సంచి, నడుముకి తాడు. ఏ ఊరని అడిగాను.

"గంపలగూడెం అండి."

నేను నోరు తెరిచాను. అతను ఆశగా, "మీదేవూరండీ?" అన్నాడు.

"తిరువూరు."

"అబ్బ! మన మాట విని ఎన్నాళ్ళయ్యిందండీ," అంటూ అక్కడే చతికిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. హవల్దారు ఏమైందన్నాడు. ఏమీ లేదన్నాను.

అతని పేరు బాబు. మూడేళ్ళ వయసులో నాన్న చంకనెత్తుకుని అవతలి దేశం నుంచి ఎ.కొండూరు దగ్గర ఇటుకబట్టీకి తెచ్చాడట. నాన్న పోయాడు. అతను గంపలగూడెంలో కూలి చేసి పెరిగాడు.

"ఏం నేరం చేశావు?" అన్నాను.

"అబద్ధమెందుకండీ. పత్తి గోడౌన్‌లో తాగి గొడవపడ్డా. తోటి కూలీ చంద్రయ్యని గడ్డపారతో కొట్టా. కుడిచెయ్యి పోయిందండి ఆయనకి. ఏడేళ్ళు లోపలున్నా. శిక్షయ్యాక పంపించేస్తామని క్యాంపులో పెట్టి ఇంకో రెండేళ్ళు ఉంచారు."

అవతల, ఊహ తెలిశాక ఎప్పుడూ చూడని అక్క ఒకామె ఉందనీ, ఆమె వచ్చి గుర్తుపడితేనే వాళ్ళు తీసుకుంటారనీ అతనికి చెప్పారు.

"ఆమె గుర్తుపట్టకపోతే మళ్ళీ క్యాంపుకేనంటండి. నిజమేనా?"

"నిజమే."

"నాకు గంపలగూడెం పోవాలనుందండి. అది కుదరదంటే అటైనా పోనివ్వండి. ఆ క్యాంపు మాత్రం వద్దండీ, మీకు పుణ్యముంటుంది."

పదిన్నరకి మంచు విడిచింది. రాయికి ఇటు మా కమాండరు, హవల్దారు, నేను, ఆపరేటరు. అటు వాళ్ళ అధికారి, నలుగురు జవాన్లు. కళ్ళం అవతలి గట్టు మీద నలభై ఏళ్ళు దాటిన ఒకామె నిలబడింది. చేతిలో గుడ్డకట్టిన గిన్నె. తమ్ముడికని అన్నం తెచ్చిందని ఆపరేటరు చెప్పాడు.

వాళ్ళ అధికారి బాబుని తన భాషలో నాలుగు ప్రశ్నలు అడిగాడు. తండ్రి పేరు తప్ప ఒక్కదానికీ జవాబు రాలేదు. అధికారి ఆమెని అడిగాడు. ఆమె చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. పోల్చుకోలేకపోతున్నానంది.

"మా భాష రాదు, అక్క గుర్తుపట్టదు. ఇతను మీవాడే," అన్నాడు అధికారి.

బాబు నా వంకే చూస్తున్నాడు. మా కమాండరు మాత్రం తొణకలేదు. మనిషి అంత దూరం నుంచి ఎలా తెలుస్తాడు, ఒకసారి దగ్గరికి వెళ్ళనివ్వండి అన్నాడు. తాడు విప్పారు.

బాబు సంచి పట్టుకుని రాయి దాకా నడిచాడు. ఎదురుగా కళ్ళం. ఉన్నట్టుండి ఆగి, గబుక్కున కిందికి వంగాడు.

అటు నాలుగు రైఫిళ్ళు లేచాయి. ఇటు మా హవల్దారుదీ లేచింది. వంగినవాడు ఏం తీస్తాడో, ఎటు పరిగెడతాడో వాళ్ళకేం తెలుసు!

"ఆగండి! అది కళ్ళం! చెప్పులు విడుస్తున్నాడు!" అని అరిచాను. కంగారులో తెలుగులోనే అరిచాను. అక్కడ ఆ ముక్క అర్థమైనవాడు బాబు ఒక్కడే. బిగుసుకుపోయి చేతులెత్తాడు. నేను మళ్ళీ హిందీలో అరిచాను, ఆపరేటరు బెంగాలీలో అరిచాడు. తుపాకులు దిగాయి.

మా ఇంట్లో చర్చికి వెళ్తాం. అయినా మా నాన్న చర్చి గుమ్మం ముందు ఎలా చెప్పులు విడిచేవాడో, కళ్ళం ముందూ అలాగే విడిచేవాడు. గింజ మీద చెప్పుకాలు పెడితే చెంప పగిలేది. గంపలగూడెంలో ఏ రైతో బాబుకీ అలాగే నేర్పి ఉంటాడు.

బాబు ఒట్టి కాళ్ళతో, చేతులు పైకెత్తుకునే, గింజ తొక్కకుండా వడ్ల కుప్ప అంచునుంచి నడిచాడు. గట్టు మీది ఆమె అతని కాళ్ళనే చూసింది. తర్వాత గట్టిగా ఏదో అంటూ గట్టు దిగింది.

"ఏమంటోంది?" అన్నాను.

ఆపరేటరు హిందీలోకి మార్చి చెప్పాడు. "ధాన్యం దగ్గర చెప్పులు విడిచాడు, మా ఇంటి బిడ్డే, మా నాన్న పెంపకమే అంటోంది."

మా నాన్న పెంపకం! నేను ఆపరేటరుని చూశాను. అతను నన్ను చూశాడు.

"మీ వైపు కూడా విడుస్తారా?" అని మెల్లగా అడిగాడు.

"విడుస్తారు," అన్నాను.

ఇంకెవరూ నన్నడగలేదు. నేనూ చెప్పలేదు. ఆమె గిన్నె కిందపెట్టి బాబు మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. వాళ్ళ అధికారి సంతకం పెట్టాడు. టైము పదకొండూ పది. ఆమెకి నిజంగా తెలిసిందో, తెలియాలని అనుకుందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఆడమనిషికి మాత్రం మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

బాబు ఒక్కసారి వెనక్కి తిరిగాడు. చెప్పులు రాయికి ఇటే ఉండిపోయాయి. పదడుగులు వేస్తే అందుతాయి. కానీ ఆఖరి అడుగు ఇప్పుడు వేరే దేశంలో పడుతుంది. నా వంక చూసి, ఉండనివ్వండి అన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

నేను ఉద్యోగం మానేసి తిరువూరు వచ్చి నాలుగేళ్ళు. షేర్ ఆటోలో, చర్చి మెట్ల మీద, ఎక్కడ కనబడినా అడుగుతారు, "అవతలి నుంచి వచ్చినోళ్ళని పంపెయ్యాలా వద్దా చెప్పండి సార్" అని. చట్టం ఒకటి ఉండాలి, ఆ మాట ఇప్పటికీ అంటాను. మునుపటిలా రొమ్ము విరుచుకుని మాత్రం అనలేను.

ఒకసారి గంపలగూడెం వెళ్ళి చంద్రయ్యని కలిశాను. జరిగింది చెప్పాను.

"పంపేశారా? మంచిపని చేశారు," అన్నాడు. ఎడమచేత్తో బీడీ వెలిగించుకున్నాడు. సగం కాలాక, "వాడికి ఆ భాష రాదు కదండీ," అన్నాడు.

"రాదు."

"మరి అన్నం ఎట్టా అడుగుతాడు?"

నాకు ఆ తెల్ల రాయి కనబడింది. బాబుని అప్పగించిన మర్నాడు ఉదయం ఏడింటికి డ్యూటీకి వెళ్ళినప్పుడు దాని పక్కన నీలం చెప్పులు అలాగే ఉన్నాయి, మంచుకి తడిసి. తీసి పారెయ్యమన్నాడు హవల్దారు. నాకు చెయ్యి రాలేదు. చివరికి హవల్దారే వంగి, కళ్ళంలో పని చూసుకుని ఇప్పుడే వచ్చి వేసుకునేవాడి కోసమన్నట్టు, రెండూ పక్కపక్కన సర్ది వెళ్ళాడు.