ముందున్న పేరు

తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. గౌలిపురలో పాలమ్ముకునే ఇంట పుట్టిన కొమరయ్య మా పరిశోధన సంస్థలో సిద్ధాంత భౌతికశాస్త్రవేత్త. రెండేళ్లు తల బద్దలుకొట్టుకుని ఒక వ్యాసం రాశాడు. 1973లో దాన్ని టైపు చేసింది నేనే. అందులో ఒక్క సమీకరణం కూడా మా విభాగాధిపతి పెద్దసారుది కాదు. అయినా "నా పేరు ముందు పెట్టు" అన్నాడు. పెట్టాను, నా చేతులు పడిపోను!

ఆ వ్యాసాన్ని ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో ఉదహరించారు. సందేహాలు అడుగుతూ పెద్దసారు పేరున ఉత్తరాలు వచ్చేవి. జవాబులు కొమరయ్య రాసేవాడు, నేను టైపు చేసేవాణ్ణి, ఆ మహానుభావుడు సంతకం గీకేవాడు.

తొమ్మిదేళ్లకు కొమరయ్యను ప్రమోషన్ ఇంటర్వ్యూకు పిలిచారు. నోట్సు రాసుకోవడానికి నేనూ అక్కడే ఉన్నాను. ఎవరి వ్యాసాన్ని ఎందరు ఉదహరించారో చెప్పే లావుపాటి సైటేషన్ల పుస్తకాన్ని కమిటీవాళ్లు తెరిచారు. అందులో మొదటి రచయిత పేరు కిందే లెక్క. "మీ పేరు మీద ఒక్కటీ లేదే!" అన్నారు. పక్కనే కూర్చున్న పెద్దసారు ఆ పుస్తకం మూసేసి, తర్వాతి అభ్యర్థిని పిలవమన్నాడు.

మర్నాడు సిగ్గులేకుండా కొమరయ్య దగ్గరికి ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. "జర్మనీ నుంచి వచ్చిందయ్యా. మూడో సమీకరణం ఎలా వచ్చిందని అడుగుతున్నారు. సాయంత్రానికి జవాబు రాసిపెట్టు."

కొమరయ్య ఆ ఉత్తరాన్ని మడిచి ఆయన జేబులోనే పెట్టాడు.

"నాకేం ఎర్క సార్? ముందుగాల ఉన్నది మీ పేరు. మీరే చెప్పున్రి."

ఆ జవాబు టైపు చేయమని పెద్దసారు నా దగ్గరికి ఎన్నడూ రాలేదు.