పొగ రాని పొయ్యి కోసం గౌలిపురకు

అత్తమ్మ కళ్లు చూపించడానికి పట్నం వెళ్తున్నామని ఊళ్లో అందరికీ చెప్పాం. అది అబద్ధం కాదు. కానీ నా మటుకు నాకు ఇంకో పని కూడా ఉంది. అక్కడ గౌలిపురలో మా చిన్నత్తమ్మ, అంటే అత్తమ్మ చెల్లెలు, తన వంటింట్లో పొగ రాని పొయ్యి కట్టించుకుందనీ, కట్టిన ముసలమ్మను అడిగితే ఎవరికైనా నేర్పుతుందనీ విన్నాను. అది చూసి, నేర్చుకుని వచ్చి మా ఇంట్లో కట్టాలని నా ఆలోచన.

మా ఇంట్లో పొయ్యి అత్తమ్మది. నేను కాపురానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. కూరలు తరిగాను, కారం నూరాను, పిడకలు అందించాను, అంట్లు తోమాను. గరిటె మాత్రం నా చేతికి రాలేదు. ఆవిడ పొగలో కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే వండేది. కొత్త పొయ్యి వస్తే అది నాదవుతుందని నా ఆశ. ఆవిడ కళ్లంటే నాకు జాలి ఉంది, ఆ పొయ్యి మీద నాకు కన్నూ ఉంది. రెండూ ఉన్నాయని ముందే ఒప్పుకుంటున్నాను.

పిల్లల్ని ఆడబిడ్డకు అప్పగించి, తెల్లవారుతుండగా బండి ఎక్కాం. ఆలేరు స్టేషన్‌కు ఏడింటికి చేరాం. ఏడున్నరకు రావలసిన రైలు తొమ్మిదికి వచ్చింది. యుద్ధం నడుస్తున్న రోజులు కాబట్టి రైలు ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగడం లేదు. ఆడవాళ్ల మూడో తరగతి పెట్టెలో ఒకరి మీద ఒకరు కూర్చున్నట్టే ఉంది. మా దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పేదొకటే, జొన్నరొట్టెలు ఇంటి దగ్గరే కట్టుకోండి. మేము ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయ తొక్కు, గుడ్డలో మూటకట్టిన ఉప్పు కూడా తెచ్చుకున్నాం. దారిలో ఏం దొరుకుతుందో, ఎంత అడుగుతారో చెప్పలేం.

భువనగిరిలో సీతాఫలాల గంపతో ఒకావిడ ఎక్కింది. కూర్చోగానే అత్తమ్మ ముఖంలోకి చూసి, "ఏమైందక్కా, కండ్లు గట్ల ఎర్రగున్నయి?" అని అడిగింది.

"ఏం గాలె. మా కోడలుకు పట్నం జూడాలని బుద్ధి పుట్టింది. నా కండ్లను సాకు జేసింది," అంది అత్తమ్మ.

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ లోపల చురుక్కుమంది. అత్తమ్మకు చూపు తగ్గిందేమో గానీ మనిషిని కనిపెట్టడం తగ్గలేదు.

నాంపల్లిలో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. గౌలిపురకు జట్కా మాట్లాడుకున్నాం. నయాపూల్ దాటాక జట్కావాలా వెనక్కి తిరిగి, "చార్మినార్ దగ్గర జరసేపు ఆపాల్నా అమ్మా, చక్కగ పోవాల్నా?" అన్నాడు.

"అది యాడికీ పోదు గాని, మమ్మల్ని ముందుగాల ఇంటికి చేర్పియ్యి బిడ్డా," అంది అత్తమ్మ. కాబట్టి చార్మినార్‌ను నేను కదులుతున్న జట్కాలో నుంచి మెడ తిప్పినంతసేపే చూశాను.

చిన్నత్తమ్మ ఇల్లు రెండు గదులు, ఒక వాకిలి. ఆవిడ భర్త ఒక దఫ్తరులో కాగితాలు నకలు రాసే గుమాస్తా. ఆ చిన్న చోటులో ఆవిడ ఎన్ని పనులు చేసిందో చూస్తుంటే నాకు ముచ్చటేసింది. పాత చీరల అంచులు కత్తిరించి, జోడించి, తలుపుకు తెర కుట్టింది. పగిలిన గాజుల ముక్కల్ని దీపం మంట మీద వంచి, ఒకదానిలో ఒకటి గొలుసులా వేసి, దేవుడి గూటి ముందు వేలాడదీసింది. దఫ్తరు నుంచి ఆయన తెచ్చే చిత్తు కాగితాల్ని నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, గంపలు చేసింది. ఆ గంపల్లో ఒకదానిలో పప్పులు, ఒకదానిలో పిల్లల బట్టలు. మిద్దె మీద సొరపాదు. సందులో ఉన్న గౌళీ వాళ్లు గేదెను వాకిట్లోకే తోలుకొచ్చి, మన గిన్నెలోనే పాలు పిండి ఇచ్చి పోతారు. ఊరు వదిలి వచ్చిందని మేమంతా జాలిపడ్డాం గానీ, ఆవిడ ఊరిని కొంచెం వెంట తెచ్చుకుంది.

నాలుగింటికి చాయ్ కోసం పొయ్యి అంటించింది. నేను దగ్గరికి జరిగి కూర్చున్నాను. మంట ఉంది, కుతకుత ఉంది, పొగ లేదు. బయటికి వచ్చి చూశాను. మిద్దె మీద అడుగులేని కుండల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, మట్టి మెత్తి, గొట్టంలా నిలబెట్టారు. పొగంతా అందులోంచి వస్తోంది. మళ్లీ లోపలికి వెళ్లాను. మళ్లీ బయటికి వచ్చాను.

"ఎన్నిసార్లు తిరుగుతవ్ సుగుణా? అది నిన్ను జూసి దాక్కోలే. అట్లనే పోతది," అని చిన్నత్తమ్మ నవ్వింది.

అత్తమ్మ గడప దగ్గరే కూర్చుని, "పొగ తగలని కూరకు రుచి యాడికెల్లి వస్తది?" అంది. ఆ పూట అన్నం మాత్రం మారు వడ్డించుకుని తిన్నది.

మర్నాడు ఎనిమిదింటికి కంటి దవాఖానకు వెళ్లాం. పదకొండు దాటాక మా వంతు వచ్చింది. డాక్టరు అత్తమ్మ రెప్పలు ఎత్తి చూసి ఉర్దూలో ఏదో చెప్పాడు. పక్కనున్న కాంపౌండరు దాన్ని తెలుగు చేశాడు.

"పొర ఇంక రాలేదంట పెద్దమ్మా. పొగకే గిట్ల అయినయి. ఇంక పొగల కూసుంటే మాత్రం ఉన్న చూపు గూడ పోతదంటున్నరు."

"పొగ లేకుంటే?" అని అత్తమ్మ అడిగింది.

"పొగ లేకుంటే ఏం ఫికర్ లేదు."

చుక్కల మందు సీసాను ఆవిడ కొంగున ముడివేసుకుంది. ఇంటికి రాగానే నేరుగా చిన్నత్తమ్మ వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి ముందు పీట మీద కూర్చుని, గోడను, గొట్టాన్ని తడిమి చూసింది.

మూడోరోజు పదింటికి, ఆ పొయ్యి కట్టిన ముసలమ్మ హుసేన్‌బీ వచ్చింది. సన్నటి మనిషి, చేతులకు వెండి కడియాలు. మట్టి తొక్కీ తొక్కీ పాదాలు పగిలి ఉన్నాయి. ఆవిడ భర్త ఒక హమాంలో, అంటే వేడినీళ్ల స్నానశాలలో, కట్టెలు ఎగదోసేవాడట. అక్కడ పొగ గోడలోంచి దారి చేసుకుని పైకి పోవడం చూసి, ఇంట్లో పొయ్యికి మాత్రం ఎందుకు ఉండకూడదని ఆవిడకు తోచిందట. మూడు పొయ్యిలు చెడగొట్టాక నాలుగోది కుదిరిందని చెప్పింది.

వాకిట్లో నా చేతే నమూనాకు ఒక చిన్న పొయ్యి కట్టించింది. చేసుకోదలచినవాళ్ల కోసం రాస్తున్నాను: పుట్టమన్ను మూడు గంపలు, వడ్ల ఊక ఒక గంప, గేదె పేడ ఒక గంప. ముందురోజే తడిపి ఉంచాలి, మాకోసం చిన్నత్తమ్మ ఆ పని చేసి పెట్టింది. కాళ్లతో తొక్కి, చేతికి అంటకుండా అయ్యేదాకా పిసకాలి. ముందు మంట నోరు, దాని వెనక రెండో గిన్నెకు గుంట, ఆ వెనక గొట్టం. ఒకదానికి ఒకటి లోపల దారి ఉండాలి, ఆ దారి కొంచెం మీదికి ఎక్కుతూ పోవాలి. నేను దారిని చదునుగా చేస్తే హుసేన్‌బీ వేలితో తవ్వేసింది.

"పొగకు గూడ తొవ్వ జూపియ్యాలె బేటీ. తొవ్వ లేకుంటే ఇంట్లనే తిరుగుతది. మీ ఊర్ల ఏం కాలుస్తరు?"

"పత్తికట్టె, కందికట్టె, పిడకలు."

"అచ్ఛా. గట్లయితే నోరు జర పెద్దగ పెట్టుకో."

గుడ్డతో చేతులు తుడుచుకుని, రొండిన దోపుకున్న నూలు దారం తీసింది. కూర్చునే పీటకూ పొయ్యి నోటికీ మధ్య ఎంత దూరం ఉండాలో, పొయ్యి ఎంత ఎత్తుండాలో వండే మనిషి చెయ్యిని బట్టి, మోకాలిని బట్టి ఉంటుందట. చెయ్యి చాలకపోతే ముందుకు వంగాలి, వంగితే వేడి ముఖానికి కొడుతుంది, నడుము పోతుంది. అందుకే చిన్నత్తమ్మ పొయ్యి దగ్గర నాకు గిన్నె సరిగా అందలేదు. ఆవిడ పొడగరి.

"ఒకరికి కట్టింది ఇంకొకరికి రాదు. చెప్పండ్రి, ఎవరి చెయ్యి కొలవాలె?"

అత్తమ్మ నా పక్కనే కూర్చుంది. కుడిచేతి గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని, చెయ్యి కొంచెం ముందుకు పెట్టింది. అది నేను చూశాను. చూడలేదని చెప్పుకోవచ్చు గానీ, చూశాను.

"నాది," అన్నాను.

"డాక్టరు వద్దన్నడు గదా," అని మళ్లీ నేనే అన్నాను. డాక్టరు వద్దన్నది పొగను. పొగ రాని పొయ్యి దగ్గర కూర్చుంటే ఆవిడ కళ్లకు ఏమీ కాదని నాకు తెలుసు, చిన్నత్తమ్మకు తెలుసు, ఆ కాంపౌండరును అడిగి మరీ తెలుసుకున్న అత్తమ్మకు ఇంకా బాగా తెలుసు.

హుసేన్‌బీ దారం పట్టుకుని ఇద్దరినీ చూసింది. "ఏమంటవ్ అక్కా?"

అత్తమ్మ గాజులు కిందికి జార్చుకుంది. "దానిదే కొలువు," అంది.

మోచేయి నుంచి వేళ్ల కొసదాకా ఒక ముడి, మోకాలి ఎత్తుకు ఒక ముడి. దారం నా చేతికి వచ్చింది. నేను తొమ్మిదేళ్లు కోరుకున్నది అదే. సంతోషం కావాలి కదా, కాలేదు.

మూడింటికి గొట్టం కింద అడ్డం పెట్టే ఇనుపరేకు కొనడానికి అందరం బేగంబజార్ వెళ్లాం. రేకులు, గంగాళాలు, జల్లెడలు, హమాలీల కేకలు, ఎటు చూసినా చూడదగ్గదే. మామూలుగా అయితే అత్తమ్మ నిమ్మకాయ దగ్గర కూడా అరగంట బేరమాడే మనిషి. దుకాణదారు రేకు ధర చెప్పగానే కొంగుముడి విప్పి ఇచ్చేసింది. దుకాణదారే కాస్త తికమకపడ్డాడు. నాకు ఆ మిగతా బజారంతా కంటికి ఆనలేదు.

నాలుగోరోజు పొద్దున ఎనిమిదిన్నరకు నాంపల్లిలో రైలెక్కాం. కిటికీ పక్కన చోటు దొరికింది. సికింద్రాబాదు దాటింది, మౌలాలి దాటింది. ఘట్‌కేసర్‌లో రైలు ఆగి మళ్లీ కదిలాక, అత్తమ్మ కిటికీ బయటికే చూస్తూ మొదలుపెట్టింది.

"వానికి పప్పుచారుల బెల్లం పడాలె. అడగడు. ఎయ్యకుంటే సగం తిని లేస్తడు." వాడంటే మా ఆయన. "చింతపండు పాతది, కొత్తది కలిపి నానబెట్టు. ఒట్టి పాతది ఏస్తే నల్లగయితది."

బీబీనగర్ వచ్చేసరికి పప్పుచారు, పచ్చిపులుసు అయిపోయాయి. పెద్దపిల్లకు జ్వరమొస్తే పెట్టే జావ, చిన్నోడు నమలకుండా మింగే కూరలు, వానాకాలంలో పిండి పట్టించేటప్పుడు జొన్నల్లో ఏం కలపాలో, దివసాల పండుగనాడు ఏ పొయ్యి మీద ఏది ముందు పెట్టాలో చెప్పింది. చెప్పిందే మళ్లీ చెప్పలేదు. ఏదీ దాచుకోలేదు. నేను ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకున్న కందిపొడి కూడా చెప్పేసింది.

ఎదురుగా కూర్చున్నావిడ వింటూ వింటూ, "ఏందక్కా, కోడలుకు వంట నేర్పుతున్నవా?" అంది.

"వంట దానికొస్తది. ఇల్లు అప్పజెప్తున్న," అంది అత్తమ్మ.

పట్నం ఎట్లా ఉందని రేపు ఊళ్లో అడుగుతారు. చార్మినార్ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇరుకు ఇళ్లలో ఆడవాళ్లు ఎంత తెలివిగా బతుకుతున్నారో చెప్పగలను. గాజుముక్కల్ని, చిత్తుకాగితాల్ని, పొగను కూడా ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలుసు. నేను వెళ్లింది అది నేర్చుకోవడానికే. తెచ్చుకున్నది మాత్రం పొయ్యి ముందు మా అత్తమ్మ కూర్చునే పీట.

భువనగిరి దాటాక రొట్టెల మూట విప్పాం. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఉప్పెంత అత్తమ్మా? పప్పుల ఉప్పెంత ఎయ్యాలె?" అన్నాను.

ఆవిడ "ఇంత," అని అరచెయ్యి గుంటచేసి చూపింది. నాకు అర్థం కాలేదని తెలిసి, ఉప్పుమూట విప్పి ఆ గుంట నిండా పోసుకుంది. నా చెయ్యి లాక్కుని అందులో ఒంపింది. నా చేతిలో పట్టలేదు. వేళ్ల సందుల్లోంచి రాలి పెట్టె నేలంతా పడింది.

ఉప్పు తొక్కగూడదని ఇద్దరం కిందికి వంగాం. ఏరుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ముఖం కూడా నా ముఖానికి దగ్గరగానే ఉంది.

"ఇంటికి పోయినంక నీ చెయ్యే కొలుస్త అత్తమ్మా," అన్నాను.

"ఎందుకు? నువ్వు ఇంకా నలభై ఏండ్లు వండాలె. పొయ్యి నీకే అందాలె." ఏరిన ఉప్పును కొంగులో పోసుకుని, లేచి కూర్చుని, ఊపిరి పీల్చుకుంది. "పక్కన నాకొక పీట ఎయ్యి. ఉప్పు నేనేస్త."