గుడ్డముక్కల మీద పడిన నింద

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మేముండే వీధి పల్లంలో ఉండేది. పైన ఎక్కడ వాన పడినా నీళ్లన్నీ మా వీధి కాలవలోకే దిగేవి. ఆ కాలవ వీధి చివర రోడ్డు కిందున్న తూములోంచి అవతలి వాగులో కలవాలి. పెద్ద వాన పడితే కలిసేది కాదు, వెనక్కి తన్నేది. అప్పుడు అందరికంటే ముందు మునిగేది తూము పక్కనున్న లారీ డ్రైవర్ గారిల్లు. వాళ్లు ముస్లింలు. ఆయన నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉండేవాడు. ఆయన భార్యని నేను పిన్నీ అనేదాన్ని. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని వీధిలో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. ఒకసారి నాకు గౌను కుట్టి, మిగిలిన ముక్కతో నా బొమ్మకి కూడా ఒకటి కుట్టిచ్చింది.

మా తాతయ్య తాపీ మేస్త్రి. ఆ చుట్టుపక్కల సగం ఇళ్లు ఆయన చేతి మీదుగా లేచినవే. డెబ్బై దగ్గరపడ్డా, ఎవరి గోడ బీటలిచ్చినా ముందు ఆయన్నే పిలిచేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక శ్రావణంలో రెండు రోజులు విడవకుండా వాన కురిసింది. మూడోనాడు పొద్దున లేచేసరికి వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. పిన్ని అప్పటికి ఇరవై రోజుల బాలింత. బిడ్డని గుండెలకి హత్తుకుని మంచం మీద కూర్చుంటే, అమ్మా తాతయ్యా వెళ్లి మా అరుగు మీదికి తీసుకొచ్చారు. మిషన్ నీళ్లలోనే ఉండిపోయింది. కుట్టమని జనం ఇచ్చిన బట్టలన్నీ బురదపాలయ్యాయి.

అరుగుల మీద అందరూ చేరారు. "కాలవ ఊరికే పొంగలేదండీ. ఆవిడ రోజూ ఊడ్చి పారేసే గుడ్డముక్కలే తూముకి అడ్డం పడుంటాయి," అన్నాడు ఎదురింటాయన. నిజమే అన్నారు ఇంకొకరు. బట్టలు పోయినవాళ్లూ గొంతు కలిపారు. కాసేపటికి అది వీధంతటి మాటైపోయింది.

"నేను కాలవలో వెయ్యనక్కా, పొయ్యిలో వేసుకుంటా," అంది పిన్ని, మా అమ్మకి మాత్రమే వినపడేలా. గట్టిగా చెప్పే ఓపిక ఆమెకి లేదు. ఇల్లు మునిగింది ఆమెది, తప్పు కూడా ఆమెదే అయింది.

తాతయ్య లేచాడు. పంచె ఎగ్గట్టి, పలుగు తీసుకుని తూము వైపు నడిచాడు. నేను వెంటపడితే విసుక్కుని, ఎత్తి డ్రైవర్ గారి పిట్టగోడ మీద కూర్చోబెట్టాడు. వంగి, చెయ్యి భుజం దాకా పెట్టి తూములో వెతికాడు. పలుగుతో పొడిచి చూశాడు. నాలుగు ఆకులూ ఒక కొబ్బరి మట్టా వచ్చాయి. అంతే.

"ఏమీ అడ్డం లేదే. తూమే చిన్నది," అన్నాడు.

"ఎవరు పెట్టారు తాతయ్యా?"

"నేనే."

అప్పుడు చెప్పాడు. ఆ తూము వేసే రోజుకి పైన పదిళ్లు కూడా లేవట, అన్నీ పత్తి చేలేనట. వాన ముంచుకొస్తోంది, పెద్ద తూములు దొరకలేదు. చేతికందిన చిన్నవి వేసి, తర్వాత మారుద్దాంలే అనుకున్నాడు. చేలన్నీ ఇళ్లయ్యాయి గానీ, ఆ తర్వాత అనేది రాలేదు.

"ఎవరికీ చెప్పకు తాతయ్యా. వాళ్లకి తెలీదుగా," అన్నాను. వీధిలో ఆయన్ని ఎవరైనా ఒక్క మాటంటే నేను తట్టుకోలేను.

తాతయ్య నన్ను గోడ మీంచి ఎత్తుకున్నాడు. "బాలింతమ్మా ఆ పిల్ల," అన్నాడు.

తిరిగొచ్చి అరుగెక్కలేదు. నన్ను అరుగు మీద దించి, తాను వీధి మధ్య నీళ్లలోనే నిలబడ్డాడు. "ఆ అమ్మాయిని ఏమీ అనకండి. తూములో ఒక్క గుడ్డముక్క లేదు. అది వేసింది నేను. చిన్నది వేశా. మీ ఇళ్లలోకి నీళ్లొచ్చింది నా వల్ల."

ఎదురింటాయన, "మేస్త్రివై ఉండి ఆమాత్రం తెలీలేదా?" అన్నాడు. ఏకవచనంతో ఆయన్ని ఎవరైనా అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

"తెలిసే వేశానండి. మార్చాల్సింది. మార్చలేదు," అన్నాడు తాతయ్య.

పిన్ని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ నెలలో తాతయ్య చేత ఇల్లు మొదలుపెట్టించాల్సిన ఆయన వేరే మేస్త్రిని పెట్టుకున్నాడు. తాతయ్య దాని గురించి ఎత్తనే లేదు. డ్రైవర్ గారు తిరిగొచ్చి సంగతి విని, కంచికచర్ల నుంచి పెద్ద సిమెంటు తూములు తన లారీలోనే వేసుకొచ్చాడు. నాలుగు రోజులు రోడ్డు తవ్వారు. మొదటి రోజు తాతయ్యా ఆయనా ఇద్దరే. మూడో రోజుకి ఎదురింటాయన కూడా చొక్కా విప్పి పార పట్టాడు. పిన్నికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు గానీ, మిషన్ బాగయ్యాక జాకెట్ గుడ్డ పట్టుకుని ముందుగా వచ్చింది ఎదురింటావిడే. ఆ తర్వాత వానలకి మా వీధిలో నీళ్లు నిలిచేవి, గడప మాత్రం దాటలేదు.

నేను టీచర్నై, నందిగామలో స్థిరపడి, రిటైర్ కూడా అయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెన్ను దొంగిలించిందని ఒక పిల్లని క్లాసులో నిలబెట్టి తిట్టాను. ఆ పెన్ను సాయంత్రం నా సంచిలోనే దొరికింది. మర్నాడు అరవై మంది పిల్లల ముందు ఆ మాట చెప్పడానికి లేచినప్పుడు నా కాళ్లు వణికాయి. ఈ వయసులోనూ, తప్పు నాదని కోడలితోనో పక్కింటివాళ్లతోనో చెప్పాల్సి వస్తే అలాగే వణుకుతాయి. ఆ రోజు మా తాతయ్య కాళ్లూ వణికే ఉంటాయి, నీళ్లలో ఉన్నాయి కాబట్టి నాకు కనపడలేదు అనుకుని, నోరు తెరుస్తాను.