పాలసొర తెచ్చిన రోజు

మొన్న మా తమ్ముడు నరసాపురం వెళ్లి పాలడబ్బా తెచ్చాడు. పురిటికి వచ్చిన వాడి కూతురికి పాలు చాలడం లేదు, మూడు రోజులుగా పసిదాని ఏడుపుతో ఇల్లంతా అల్లాడుతోంది. ఓడ మీద వచ్చిన సరుకట, రెండు చెంచాలు వేడినీళ్లలో కలిపితే చాలట. కలిపారు, అది తాగింది, నిద్రపోయింది. ఓస్, ఇంతేనా అనిపించింది నాకు. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని వసారాలో చాలాసేపు కూర్చుండిపోయాను, ఎందుకంటే ఒకప్పుడు మా ఇంట్లో ఒక పసివాడి నోటికి పాలు అందించడానికి ఏమేమి జరిగిందో చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. నాకు అక్షరం రాదు. బడిపంతులు గనక మా తమ్ముడే రాసిపెడతానన్నాడు, నేను చెబుతున్నాను. నా మాటను బడిపిల్లల రాతలాగా దిద్దుతాడని తెలుసు. మాటను దిద్దుకుంటే దిద్దుకోనీ, జరిగినదాన్ని మాత్రం దిద్దనివ్వను.

మేము పుట్టింది అంతర్వేదికి కాస్త ఎడంగా, ఇసుక దిబ్బ చాటున ఉన్న పది పన్నెండు గుడిసెల పేటలో. మా అయ్య తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. తెప్ప అంటే ఏముంది, తాళ్లతో బిగించిన నాలుగు దుంగలు. నీళ్లు పైకీ వస్తాయి, కిందికీ పోతాయి, మునగదు, అంతవరకే దాని గొప్ప. వేట ముగించుకుని వచ్చేటప్పుడు కెరటాలు విరిగే చోటు దాటడమే కష్టం గనక, మగవాళ్లంతా మోకాళ్ల మీద కూర్చుని, దేవుడికి దండం పెట్టుకుంటూ వచ్చేవాళ్లు. మా అయ్య ఒక్కడూ నిలబడి వచ్చేవాడు. తెడ్డు అడ్డంగా పట్టుకుని, మోకాళ్లు కాస్త వంచి, కెరటం నెత్తికెక్కి ఒడ్డుదాకా వచ్చి, గుమ్మం దిగినట్టు ఇసుక మీద అడుగుపెట్టేవాడు. కోతివేషాలని మా మామ్మ కొడుకును తిట్టిపోసేది. అమ్మ మాత్రం చూడటం మానేది కాదు.

మీలో సముద్రం ఒడ్డున పెరిగినవారికి చెప్పక్కరలేదు గానీ, తెప్ప మీద ఉన్నవాడికి వెనక వస్తున్న కెరటాల్లో ఏది మంచిదో తెలియదు, దగ్గరి కెరటం దూరపు కెరటాన్ని కప్పేస్తుంది. అందుకని ప్రతి ఇంటి నుంచీ ఒకరు దిబ్బ ఎక్కి నిలబడేవారు. తువ్వాలు నెత్తి మీద గిరగిరా తిప్పితే రమ్మని, రెండు చేతులా పట్టుకుని కిందికి దించితే ఆగమని. ఆ రెండే సైగలు, మూడోది లేదు. వాలుగా లేచి నింపాదిగా విరిగే కెరటానికి రమ్మనాలి. గోడలాగా నిలువునా లేచి ఒక్కసారిగా కూలేదానికి ఆగమనాలి. అమ్మకు నెలలు నిండాక ఆ పని నాకు వచ్చింది. అయ్య ప్రాణం నా తువ్వాలులో ఉందని నాకు ఎంత మిడిసిపాటో!

నా తరువాత ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాడు ఈ రాస్తున్నవాడు. వాడు పుట్టి ఐదు రోజులైనా అమ్మకు పాలు పడలేదు. మేకపాలు పట్టిస్తే కక్కేశాడు. పేటలో మరో బాలింత లేదు. ఆరో నాటికి వాడికి ఏడవడానికి కూడా ఓపిక లేక, నోరు మాత్రం తెరిచి మూసేవాడు. అది చూసి మామ్మ పాలసొర కావాలంది. పాలసొర మూరెడు పొడుగుండే చిన్న సొర, బాలింతకు పెడితే పాలు పడతాయని మా వాళ్ల నమ్మకం. ప్రాణంతో ఉన్నది తెస్తేనే గుణం చేస్తుందిరా అని కూడా అంది.

వారం రోజులుగా సముద్రం పోటుమీద ఉండి ఎవరూ తెప్ప దించలేదు. ఎప్పుడూ తోడు వెళ్లే బాబాయి జ్వరంతో మంచం పట్టాడు. అయ్య తెల్లవారుతూనే ఒంటరిగా వెళ్లాడు. మామూలుగా అయితే చేపను చంపి తెప్ప మీదే కట్టేస్తారు. ప్రాణంతో తేవాలంటే మొప్పల్లోంచి తాడు వేసి నీళ్లలోనే ఈడ్చుకురావాలి. మొప్పలోంచి నెత్తురు కారుతున్న చేపను సముద్రంలో ఈడ్చుకురాకూడదని మా పేటలో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు. మామ్మకు తెలియదా, అయ్యకు తెలియదా? తెలిసీ ఆ రోజు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు తెప్ప కనబడింది. కెరటాలు విరిగే చోటికి అవతల ఆగి, అయ్య ఒక చెయ్యి ఎత్తి చూపించాడు, దొరికిందని. తాడు తెప్ప తోకకు కట్టి ఉంది. నేను దిబ్బ మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను, కింద ఇసుకలో మామ్మ, పేట ఆడవాళ్లు. పెద్ద కెరటాలు వస్తున్నాయి, ఒక్కటీ మంచిది కాదు. ఆగమన్నాను. మళ్లీ ఆగమన్నాను. అయ్య నా వైపే చూస్తూ, తెడ్డుతో తెప్పను నిలబెట్టుకుంటూ ఆగాడు.

అప్పుడు చూశాను. తెప్పకు వెనక, నాలుగు బారల దూరంలో, నల్లటి రెక్క ఒకటి నీళ్లలోంచి లేచి, పక్కకు తిరిగి, మునిగిపోయింది. మళ్లీ లేచినప్పుడు ఇంకా దగ్గరగా ఉంది. అది పులిసొర. దాని పొడుగు తెప్పకు తక్కువ లేదు. గొంతు చించుకుని అరిచాను. కెరటాల హోరులో నా అరుపు కింద ఉన్న మామ్మకే వినబడలేదు. అయ్య వెనక్కి చూడలేదు, ఎందుకు చూస్తాడు, చూడాల్సింది నా తువ్వాలు కదా. సొర వచ్చిందని చెప్పే సైగ మాకు లేదు. రమ్మనాలి, లేదా ఆగమనాలి. ఆగమంటే అది వచ్చి పడుతుంది. రమ్మందామంటే, వెనక లేస్తున్నది గోడ కెరటం.

రమ్మన్నాను.

ఇన్నేళ్లయినా ఆ తువ్వాలు బరువు నా చేతికి తెలుస్తూనే ఉంది. అయ్య ఒక్క క్షణం తటపటాయించాడు, కెరటం సంగతి ఆయనకు కాళ్ల కింద తెలిసే ఉంటుంది. అయినా నేను పిలిచాను గనక తెడ్డు వేశాడు. నిలబడ్డాడు కూడా. కెరటం ఆయన్ని ఎత్తింది, ఎత్తినంత ఎత్తునుంచీ కూలింది. తెప్ప ఒకవైపు, తెడ్డు ఒకవైపు. నురగలో అయ్య తల కనబడింది, మునిగింది, నురగ ఎర్రబడింది. నేను దిబ్బ మీద నుంచి దొర్లుతూ దిగేసరికి మామ్మ నడుంలోతు నీళ్లలో ఉంది. ఆడవాళ్లందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసుకట్టి, తరవాతి కెరటం తోసుకొచ్చిన అయ్యను జుట్టు పట్టి లాగారు.

కుడికాలి పిక్క లేదు. చేతికి మాత్రం తాడు నాలుగు చుట్లు చుట్టి ఉంది, తెప్ప తిరగబడేటప్పుడే లాక్కున్నాడట, దాని చివర పాలసొర తలవైపు సగం ఉంది. మిగిలిన సగం పులిసొర తినేసింది. ఆ సగమే మామ్మ ఉడికించి, ముల్లు తీసి, చిదిమి, మిరియాలూ వెల్లుల్లీ వేసి వేయించింది. పక్కమీద అయ్య మూలుగుతుంటే అమ్మ ఏడుస్తూ తింది. మూడోనాటికి పాలు పడ్డాయి. సొర వల్లనే పడ్డాయో, పడే వేళకు పడ్డాయో నాకు తెలియదు. ఇప్పటి డాక్టర్లు నవ్వుతారు. నవ్వుకోనీ, తమ్ముడు బతికాడు.

నెల తరువాత, కూర్చోగలిగినప్పుడు, అయ్య నన్ను దగ్గరికి పిలిచాడు. నేను అప్పటిదాకా ఆయన ముఖం చూడలేదు.

"నువ్వు పిలిచావు, నేనొచ్చాను. ఆగమనుంటే అసలు ఇంటికే రాకపోదును, తెలిసిందా అమ్మడూ? నీ తమ్ముడికి మాత్రం ఎవరూ చెప్పకండి. టేకుచేప తోకలోని విషపు ముల్లు దిగి కుళ్లిందని చెప్పండి, చాలు."

ఆ ఏడే పేట వదిలి, ఎవరికీ మా సంగతి తెలియని గోదావరి గట్టు మీది ఊరికి వచ్చేశాము. అయ్య మళ్లీ తెప్ప ఎక్కలేదు. నిలబడాలంటేనే కర్ర కావలసివచ్చేది. ఏటి ఒడ్డున వలలు బాగుచేస్తూ బతికాడు. తమ్ముడికి పదేళ్లప్పుడు, బడిలో ఎవరో కుంటోడి కొడుకన్నారట, ఇంటికి వచ్చి అయ్య ముందు నిలబడి, టేకుముల్లు గుచ్చుకున్నవాళ్లందరూ నెలకల్లా వేటకెళ్తారు, నువ్వు భయపడ్డావు అన్నాడు. నేను నోరు తెరిచాను. అయ్య నా వైపు చూశాడు, రెండు చేతులూ కలిపి నెమ్మదిగా కిందికి దించాడు. ఆగాను. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటినా ఆగే ఉన్నాను.

ఇప్పుడు మా పాత పేట లేదు, సముద్రం తినేసింది. దిబ్బ కూడా లేదట. పాలు డబ్బాలో వస్తున్నాయి, తాగిన పసిది వసారాలో కాళ్లు కొట్టుకుంటోంది, దానికి ఎవరూ ఏదీ దాచనక్కరలేదు. మంచిదే. కానీ ఆ డబ్బా తెచ్చినవాడు తన కోసం ఒకరు ఏ కెరటం ఎక్కారో తెలియకుండానే ముసలివాడైపోతున్నాడని తోచి, ఇక ఆగలేకపోయాను, అయ్య మాట తప్పాను.

తమ్ముడు కలం కింద పెట్టాడు. అరిచి పోట్లాడతాడనుకున్నాను, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటాడనుకున్నాను. కాగితాలు వెనక్కి తిప్పి, మొదటి కాగితం తీసి, ఒకచోట వేలు పెట్టి అడిగాడు.

"అయ్య నిజంగా నిలబడే వచ్చేవాడా, అక్కా?"

వచ్చేవాడురా. ఆ రోజు కూడా నిలబడే వచ్చాడు. అది దిద్దకుండా రాయి.